బయటికి వెళ్ళే దారి

మెతొద్ సీకొరా కట్టిన ఇళ్ళలో పుట్టినవాళ్ళూ, ఆయన గీసిన కుర్చీల్లో కూర్చుని భోంచేసినవాళ్ళూ, ఆయన కట్టిన సినిమా హాల్లో చీకట్లో మొదటిసారి ఒకరి చెయ్యి పట్టుకున్నవాళ్ళూ మా ఊళ్ళో సగానికి సగం ఉంటారు. ఆయనెవరని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. వాళ్ళ తప్పు కాదు. అరవై ఎనిమిదిలో పరాయి దేశపు ట్యాంకులు వచ్చినప్పుడు నోరు మూసుకుని కూర్చోమంటే ఆ పెద్దాయన కూర్చోలేదు. ఆ తర్వాత ఆయన పేరు ఎక్కడా అచ్చులో కనబడకూడదని పైనుంచి మాట వచ్చింది. పోయేదాకా కనబడలేదు, పోయాక కూడా చాలా ఏళ్ళు కనబడలేదు.

నేను మా ఊరి గ్యాలరీలో పనిచేస్తాను. సీకొరా మీద పుస్తకం రాసి డాక్టరేటు తెచ్చుకున్నాను కాబట్టి నా పేరు ద్రహొమీరా అని అందరూ మర్చిపోయారు. మావాళ్ళకి మనిషి కంటే బిరుదు ముందు కనిపిస్తుంది. రొట్టెల కొట్టువాడి దగ్గర్నుంచి మా డైరెక్టర్ దాకా అందరికీ నేను డాక్టరమ్మనే. పక్కింటావిడ తన మోకాలు చూపించి మందు కూడా అడిగింది.

సీకొరా చేయని పని లేదు. ఇళ్ళు, స్కూళ్ళు, బస్ షెల్టర్లు, నాటకాల సెట్లు, పోస్టర్లు, చెంచాలు, పిల్లలు పేర్చుకునే కొయ్య దిమ్మలు. అన్నిటికంటే గొప్పది ఊరి చివర అడవి చెట్ల మధ్య కట్టిన దహనవాటిక. అందులో వీడ్కోలు గది అని ఒకటుంది. మిగతా ఊళ్ళలో పాట అయిపోగానే తెర పడుతుంది, శవపేటిక వెనక్కి జరిగి మాయమైపోతుంది. సీకొరాకి అది గిట్టలేదు. పోయిన మనిషిని మనం తోసెయ్యకూడదు, మనమే లేచి వెళ్ళాలి అన్నాడట. అందుకని ఆయన గదిలో పేటిక కదలదు. తోటలోకి రెండు పెద్ద తలుపులు తెరుచుకుంటాయి. జనం ఒక్కొక్కరే లేచి, పేటిక మీద అరచెయ్యి ఆనించి, వెలుతురులోకి నడిచి వెళ్ళిపోతారు. ఇంటివాళ్ళు తలుపు పక్కనే నిలబడి, అందరికంటే చివర వెళతారు. చివరి మనిషి గేటు దాటేదాకా పేటికని ఎవరూ ముట్టుకోరు. మా ఊరివాళ్ళకి ఇది ఎంత అలవాటంటే, బర్నో నగరంలో ఎవరిదన్నా చావుకి వెళ్ళొస్తే, "అదేం చావు, డ్రామాలాగా తెరొకటి!" అని మూతి విరుస్తారు.

ఆ గది కట్టిన మనిషికి ఆ గదిలో వీడ్కోలు జరగలేదు. ఆయన కూతురే వద్దంది.

స్వతవాకి ఇప్పుడు ఎనభై దాటాయి. ఆమె ఇచ్చే వస్తువులు లేకపోతే మా ఎగ్జిబిషన్ లేదు. అందుకని చలికాలం చివర్లో ఒకరోజు, పూల గుత్తి ఒకటి చేతపట్టుకుని, లిఫ్టు పాడైన ఆ అపార్టుమెంటు మెట్లెక్కి ఆమె తలుపు తట్టాను.

"బూట్లిప్పు డాక్టరమ్మా," అంది ముందుగా. "ఎగ్జిబిషన్ సంగతి తర్వాత. నా నేల సంగతి ముందు."

ఇంట్లో తొడుక్కునే పాత చెప్పులిచ్చింది. కప్పులో పొడి వేసి మరిగే నీళ్ళు పోసిన కాఫీ ఇచ్చింది. ప్లమ్ జామ్ కూరిన బన్నులు పెట్టింది, తినకపోతే అదోలా చూసింది. తర్వాత ఇల్లంతా తిప్పి ఒక్కొక్కటీ చూపించింది. ఈ కుర్చీ తీసుకో, ఆ దీపం తీసుకో, ఈ పోస్టర్ తీసుకో, కానీ చెదపురుగు తగిలించి తెచ్చావో నీ మొహం చూడను. నేను పొంగిపోయాను. వంటింటి పక్క చిన్న కొట్టుగదిలోకి తొంగి చూసి గుమ్మంలోనే ఆగిపోయాను.

దోసకాయ ఊరగాయ సీసాలకీ జామ్ సీసాలకీ మధ్య, నల్లగా నిగనిగలాడుతూ, మూతతో ఒక కుండ. ఈ కుండని నేను పాత ఫోటోలో తప్ప చూడలేదు. అస్థికలు దాచుకునేందుకని సీకొరా ప్రపంచ యుద్ధానికి ముందు తయారుచేసిన నమూనా. ఫ్యాక్టరీలో చెయ్యలేదు, లోకంలో ఇదొక్కటే. పోయిందనుకున్నాను. ముందు ఒక కొవ్వొత్తి ముక్క వెలిగించి ఆర్పినట్టుంది.

"అదొక్కటి ఇవ్వను," అంది స్వతవా.

"స్వతవా గారూ, మిగతావన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. దయచేసి."

"వాడకంలో ఉంది."

"ఏం పోసుకుంటున్నారండీ దాన్లో? పిండా?"

"నా ఇష్టమొచ్చింది పోసుకుంటా. నువ్వు పరిశోధన రాసింది మా నాన్న మీదా, నా వంటింటి మీదా?"

నేను గ్రహించాల్సింది. మా వాళ్ళలో సగం మంది పోయినవాళ్ళని ఇంట్లోనే పెట్టుకుంటారు. చర్చికి వెళ్ళరు, దేవుడున్నాడంటే నవ్వుతారు, నవంబరు వచ్చిందంటే అస్థికల డబ్బా ముందు కొవ్వొత్తి వెలిగించి గంటసేపు కూర్చుంటారు. మా అమ్మ మా తమ్ముడి గ్యారేజీలో, చలికాలం టైర్ల పక్కన మూడేళ్ళుంది. ఇవన్నీ తెలిసీ నాకు బుర్ర వెలగలేదు. ఆ కుండ మీద ఆశ అలాంటిది.

తలుపు దాకా సాగనంపుతూ ఆమే ఎత్తింది ఆ మాట.

"చావు సంగతి కూడా రాస్తావా మీ గోడల మీద?"

"మీరు వద్దంటే రాయను."

"రాయి. అందరికీ తెలిసిందేగా." గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. "నేనప్పుడు బళ్ళో డ్రాయింగ్ టీచర్ని. మా ఆయనకి గుండె జబ్బు, ఇంట్లో జీతం నాదొక్కటే. నాన్న పోయిన మర్నాడే హెడ్‌మాస్టరు పిలిచాడు. తలుపు దగ్గర ఒకడు నిలబడి వచ్చినోళ్ళ పేర్లు రాసుకుంటాడమ్మా, ముందు నీ పేరే రాస్తాడు, ఆలోచించుకో అన్నాడు. ఆలోచించుకున్నా. కార్యక్రమం వద్దని చెప్పా. మాంసం కొట్టు అద్దానికి చావు కబురు చెప్పే నల్ల అంచు కాయితం కూడా అంటించలా. నాన్నొక్కడే వెళ్ళాడు. ఆ గదిలోకి కూడా తీసుకెళ్ళలేదు, వెనకనించి నేరుగా పొయ్యిలోకి."

"ఆ రోజులు అలాంటివి కదండీ," అన్నాను.

"రోజులమీదికి తోసెయ్యకు. ఉద్యోగం నిలబడింది, నాన్నకి వీడ్కోలు పోయింది. బేరం ఆడింది నేను." తలుపు వేసేసింది.

రెండు వారాల తర్వాత ఫోన్ చేసింది. హలో కూడా లేదు. "ఆ కుండ తీసుకుపో. కానీ అన్నిటికంటే చివర్న పెట్టాలి. జనం బయటికి వెళ్ళే దారి పక్కన. మధ్యలో పెట్టావంటే వెనక్కి తెచ్చేసుకుంటా." నేను ఎగిరి గంతేశాను. మా గ్యాలరీ చివరి గది తలుపులు ఎలాగూ తోటలోకే తెరుచుకుంటాయి. ఆ గదిలో దహనవాటిక నమూనా పెట్టి, తలుపు పక్కన దిమ్మ మీద కుండ పెడితే అంతకంటే అందం ఏముంటుంది?

కుండని తనే బట్టలో చుట్టి, మూత జారకుండా దారంతో కట్టి, పెట్టెలో పెట్టి పంపింది. బరువుగా ఉంది. రాతి మట్టి కదా, బరువుండదా అనుకున్నాను.

ప్రారంభానికి నాలుగు రోజుల ముందు వీట్ ఫోటోలు తీస్తున్నాడు. వీట్ మా గ్యాలరీ ఫోటోగ్రాఫర్. కళ్ళు మంచివి, నోరు మంచిది కాదు. కుండ మూత లోపలివైపు నీలం పూత ఉందని, మధ్యలో రెండు తెల్ల మబ్బులు గీసి ఉన్నాయని పాత కాయితాల్లో చదివాను. బయటివాళ్ళకి కనబడని చోట ఎందుకు గీశారని అడిగితే, లోపల పడుకునేవాడికి ఆకాశం ఉండొద్దా అన్నాడట సీకొరా. ఆ మబ్బుల్ని ఫోటో తియ్యమన్నాను. వీట్ చేతి తొడుగులు వేసుకుని దారం విప్పి మూత తీశాడు. కెమెరా కంటికి ఆనించినవాడల్లా ఆగిపోయాడు.

"డాక్టరమ్మగారూ, ఒకసారి రండి."

"మబ్బులున్నాయా?"

"మబ్బులున్నాయి. పెద్దాయన కూడా ఉన్నాడు."

కుండ లోపల బూడిద రంగు రేకు డబ్బా. మీద పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం అచ్చొత్తి ఉన్నాయి. దహనవాటికలో ఎవరికైనా ఇచ్చేది అదే డబ్బా. మా అమ్మది కూడా అలాంటిదే.

మూత పెట్టేసి, వీట్‌ని నోరు విప్పొద్దని బతిమాలి, నేరుగా స్వతవా ఇంటికి వెళ్ళాను. ఈసారి బూట్లు విప్పమన్నా వినిపించుకోలేదు.

"మీరు కుండ ఖాళీ చేసుంటారనుకున్నాను!"

"నేను ఖాళీ చేశానని ఎప్పుడన్నానూ?" నిమ్మకు నీరెత్తినట్టు బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"స్వతవా గారూ, మనిషి అస్థికల్ని ఎగ్జిబిషన్లో పెట్టకూడదు. చట్టం ఒప్పుకోదు."

"ఊరగాయ పక్కన పెట్టుకుంటే ఒప్పుకుందిగా ఇన్నేళ్ళూ. ఏం చట్టమమ్మా మీది?" కత్తి కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది. "చూడు. ఆయన్ని ఎన్నోసార్లు తీసుకెళ్ళి తోటలో కలిపేద్దామనుకున్నా. సంచిలో పెట్టుకుని బస్సెక్కా కూడా. గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేశా. వీడ్కోలు చెప్పకుండా ఎలా కలపను? ఒక్కదాన్నే వెళ్ళి కలిపితే అప్పుడు చేసిన పనే మళ్ళీ చేసినట్టు కాదూ? జనం కావాలి డాక్టరమ్మా. ఆయన పక్కనించి జనం నడిచి వెళ్ళాలి, ఆయన గీసినట్టు. నువ్వు చెప్పావుగా, ప్రారంభం రోజున ఊరంతా వస్తుందని."

"వాళ్ళకి తెలియదుగా అది చావని."

"నాకు తెలుసుగా. ఆయనకి తెలుసు."

నాకు కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నేను గట్టిగా అరుస్తాను. ఉద్యోగం పోతే మీరు పెడతారా నాకు తిండి అని అరిచాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆ మాట అనకూడని మనిషి ఈ లోకంలో ఎవరైనా ఉంటే ఆమే. స్వతవా ఇంకో దుంప అందుకుంది. మళ్ళీ కత్తి తీసుకుంది. "తీసెయ్యాలనిపిస్తే తీసెయ్యి. ఉద్యోగం కోసం నాన్నని పక్కకి నెట్టినదాన్ని, నిన్ను తప్పు పట్టే మొహం నాకు లేదు," అంది.

తియ్యలేదు. దిమ్మ మీద కుండ పెట్టి, మూత పెట్టి, దీపం సరిచేసుకుని ఇంటికి వెళ్ళిపోయాను.

కానీ వీట్ నోరు మూసుకున్నా కెమెరా మూసుకోలేదు. మూత తీసినప్పుడు అలవాటుగా మీట నొక్కేశాడట. ఫోటోలన్నీ ఒక్క కట్టగా డైరెక్టర్‌కి పంపేశాడు. ప్రారంభం రోజు పొద్దున్నే డైరెక్టర్ బ్రాబెట్స్ నన్ను గదిలోకి పిలిచి, తన కంప్యూటరు తెర నా వైపు తిప్పాడు. హీనెక్ బ్రాబెట్స్ చెడ్డవాడు కాదు. నాకంటే పదేళ్ళు చిన్న, ప్రాగ్ నుంచి వచ్చాడు, ఎప్పుడూ మెడదాకా బొత్తాలు పెట్టుకుని ఉంటాడు. ఆ రోజు పై బొత్తాం విప్పేసుకుని ఉన్నాడు.

"ఇదేంటి డాక్టరమ్మగారూ?"

"సీకొరా."

"జోకులొద్దు."

"జోక్ కాదండీ. నిజంగానే సీకొరా."

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ గది సంగతి, హెడ్‌మాస్టరు సంగతి, బస్సెక్కి తిరిగొచ్చిన సంగతి. ఆయన నుదురు రుద్దుకుంటూ విన్నాడు.

"పాపం, అర్థమైంది. కానీ ఇది కొరివితో తల గోక్కోవడమేనండీ. సాయంత్రం పత్రికలవాళ్ళుంటారు, ఉపమేయరు వస్తున్నాడు. రేపెవడో ఈ ఫోటో బయట పెడితే గ్యాలరీ మూసుకోవాలి. ఇన్సూరెన్స్ వాళ్ళకి నేను ఏం రాసిచ్చానో తెలుసా? ఖాళీ మట్టి పాత్ర అని."

"ఒక్క సాయంత్రం. రేపు పొద్దున్నే నేనే తీస్తాను."

"ప్రారంభం కాకముందే తీసెయ్యాలి. మీరు తియ్యకపోతే నేను తీస్తాను."

"మీ నాన్నవైతే మీరు ఇలాగే అనేవారా?"

"మా నాన్నకి వీడ్కోలు జరిగింది," అన్నాడు బ్రాబెట్స్. తెర మళ్ళీ తన వైపు తిప్పుకుని, "నా చేతుల్లో లేదండీ," అన్నాడు. ఈ దేశంలో అన్ని కాలాల్లోనూ అందరూ అన్న మాటే అది. నేను తలుపు విసిరికొట్టి వచ్చేశాను.

విసిరికొట్టానన్న మాటే గానీ, మధ్యాహ్నం డబ్బా తీసింది నేనే. ఆయన చేత్తో తియ్యడం నాకిష్టం లేకపోయింది. నా మెడకున్న పట్టు గుడ్డ విప్పి చుట్టి, కూరగాయలకి తెచ్చుకునే గుడ్డసంచిలో పెట్టాను. స్వతవా అందరికంటే ముందే వచ్చింది, నల్ల కోటు, నల్ల చేతి తొడుగులు, చేతికర్ర. జూన్ నెలలో నల్ల కోటేమిటని టికెట్ల దగ్గరమ్మాయి వింతగా చూసింది. చివరి గదిలో ఆమె చేతికి సంచి ఇచ్చాను.

సంచి బరువు చూసుకుంది.

"అప్పుడు కూడా ఇలాగే ఇచ్చారు. పక్క కిటికీలోంచి. సంచి తెచ్చుకున్నావా అని అడిగాడు లోపలివాడు."

"నన్ను క్షమించండి."

"నువ్వు కనీసం గుడ్డ చుట్టావు."

ఇంటికి వెళ్ళిపోతుందనుకున్నాను. టాక్సీ పిలవమంటారా అన్నాను. ఆమె ఖాళీ కుండ దగ్గరికి నడిచి వెళ్ళింది. దిమ్మకి ఇటుపక్క, తోటలోకి తెరిచి ఉన్న తలుపు పక్కన గోడకి కర్ర ఆనించింది. సంచిని రెండు చేతులా గుండెకి పట్టుకుని నిలబడింది. "నాన్న కుండలో ఉండకూడదన్నారుగా. నేను ఉండొచ్చుగా?" అంది.

జనం వచ్చారు. నేను అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చారు. ఉపమేయరు మాట్లాడాడు. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, సీకొరా ఎప్పుడూ చెయ్యని పనులు కూడా రెండు మూడు ఆయన ఖాతాలో వేశాడు. బహుముఖ ప్రజ్ఞాశాలి అని చాలాసార్లన్నాడు. ఆ ప్రజ్ఞ మీదంతా నల్లరంగు పూసిందెవరో మాత్రం అనలేదు. నలుగురు వాద్యగాళ్ళు వయొలిన్లు వాయించారు. ఆ తర్వాత అందరూ బంగాళాదుంప సలాడూ, పంది మాంసమూ, గుడ్డు ముక్కా పేర్చిన రొట్టెల మీద పడ్డారు. ఇంకో గదిలో ఒక ముసలాయన సీకొరా కుర్చీలో కూర్చుని, "అచ్చం ఇలాంటిదే మా ఇంట్లో ఉండేది, పోయినేడు పొయ్యిలో పెట్టాను," అని తల పట్టుకున్నాడు.

నా కళ్ళన్నీ చివరి గది మీదే. గంట దాటింది. స్వతవా నిలబడే ఉంది. తుంటి ఎముక విరిగి అతికిన మనిషి. బ్రాబెట్స్ స్వయంగా కుర్చీ మోసుకొచ్చాడు. ఆ చేతుల్లో ఏముందో అతనికి తెలుసు.

"కూర్చోండి స్వతవా గారూ, ప్లీజ్."

"ఇంటివాళ్ళు కూర్చోరు బాబూ," అంది. అతను కుర్చీ ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

జనం బయలుదేరడం మొదలైంది. తోట తలుపు దగ్గర ఆమెని చూసి, చెయ్యి కలిపి అభినందనలు చెబుతున్నారు. ఎంత గొప్ప నాన్నండీ మీకు, ఎంత బాగుందో, ఎంత గర్వంగా ఉంటుందో కదండీ. ఆమె సంచి ఒక చేతిలోకి మార్చుకుని, "వచ్చినందుకు థాంక్స్," అంటోంది. ఒక్కొక్కరికీ ఆ ఒక్క మాటే. ఒకమ్మాయి సంచి వైపు చూసి, "నేను పట్టుకోనా బామ్మా?" అంది. వద్దంది. నాకు చూడబుద్ధి కాలేదు. వాళ్ళు ఆయన పక్కనుంచే నడుస్తున్నారు, నవ్వుకుంటూ, రొట్టె ముక్కలు నములుకుంటూ, ఎవరి పక్కనుంచి నడుస్తున్నారో తెలియకుండా. ఆమె అడిగింది ఇదే. కానీ మొహం చూస్తే తెలుస్తోంది, ఇది చాలడం లేదు. ఎలా చాలుతుంది?

అప్పుడొచ్చింది అనెష్కా. స్వతవాతో పాటు అదే బళ్ళో పాటలు నేర్పిన టీచరు, ఆమె కంటే ఒకటి రెండేళ్ళు పెద్దదే. మనవడి చెయ్యి పట్టుకుని వరసలో వచ్చింది. అభినందనలు చెప్పలేదు. స్వతవాని కిందనుంచి పైదాకా చూసింది. నల్ల కోటు, తలుపు పక్కన నిలబడ్డ తీరు, గుండెకి పట్టుకున్న సంచి. మా ఊళ్ళో ఎనభై ఏళ్ళు బతికిన మనిషి దహనవాటికలో ఆ తలుపు పక్కన ఎన్నిసార్లు నిలబడి ఉంటుందో.

"ఏమే స్వతవా," అంది నెమ్మదిగా. "ఆయనేనా?"

స్వతవా తలూపింది.

"ఆ రోజు మేమొచ్చామే."

"ఏ రోజు?"

"శుక్రవారమని ఎవరో అన్నారు. పువ్వులు కోటు లోపల దాచుకుని వచ్చాం. తలుపులు మూసేసున్నాయి. కాపలా ముసలాడు, కార్యక్రమం లేదు, ఇళ్ళకి పొండి అన్నాడు. నీకు చెప్తే కుమిలిపోతావని చెప్పలేదు."

స్వతవా ముందుకి వంగింది. "మీరంటే ఎవరు? ఎంతమంది?"

"లెక్కెవరు పెట్టారే? తిరుగు బస్సులో మాత్రం నిలబడ్డానికి చోటు లేదు."

స్వతవా నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. ఆ బేరంలో పోయినవాటిలో వాళ్ళ వీడ్కోలు కూడా ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది. ఎవరూ రారనుకుని బతికింది ఇన్నాళ్ళూ. అనెష్కా మనవడి చెయ్యి వదిలేసి, సంచి అంచు పక్కకి తీసి, పట్టు గుడ్డ తొలగించి, రేకు డబ్బా మీద అరచెయ్యి ఆనించింది. కళ్ళు మూసుకుంది. తర్వాత తోటలోకి నడిచి వెళ్ళిపోయింది.

వరసలో ఆమె వెనక ఉన్నవాళ్ళు చూశారు. నములుతున్నవాళ్ళు ఆపేశారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం మా ఊళ్ళో లేదు. కుర్చీ పొయ్యిలో పెట్టిన ముసలాయన టోపీ తీసి, చెయ్యి ఆనించి, వెళ్ళాడు. మాంసం కొట్టు వాళ్ళ కోడలు ఆనించింది. ఇందాక సంచి పట్టుకుంటానన్న అమ్మాయి తోటలోంచి వెనక్కి వచ్చి, వరస చివర నిలబడి, తన వంతు వచ్చాక ఆనించింది. వీట్ కెమెరా మెడలోంచి తీసి కింద పెట్టి వచ్చాడు. నేనూ ఆనించాను. రేకు ఆమె ఒంటి వేడికి వెచ్చగా ఉంది.

అందరూ వెళ్ళాక నాతోపాటు బ్రాబెట్స్ మిగిలాడు. గుమ్మంలో నిలబడి మొదట్నుంచీ చూస్తూనే ఉన్నాడు, ఆపించలేదు. పై బొత్తాం పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. మావాళ్ళు చావు ఇంటివాళ్ళతో చెప్పేది ఒకటే మాట.

"మనస్ఫూర్తిగా నా సానుభూతి, స్వతవా గారూ."

ఆమె తలెత్తి అతన్ని చూసింది. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు. "ఈ మాట నాకెవరూ చెప్పలేదు బాబూ. నాన్న పోయిన దగ్గర్నించీ. చెప్పడానికి నేను చోటివ్వలా," అంది.

అతను చెయ్యి డబ్బా మీద ఆనించాడు. తీసేలోపే స్వతవా సంచి రెండు పిడులూ అతని చేతుల్లో పెట్టేసింది. అతను గాభరాగా పట్టుకున్నాడు. ఆమె నల్ల తొడుగు విప్పి, ముడతలు పడ్డ అరచేతిని రేకు మీద పెట్టింది. ఏదో అంది, చాలా చిన్నగా, అది మాకు కాదు. చెయ్యి తీసి, కర్ర అందుకుని, తోటలోకి అడుగు పెట్టింది.

"ద్రహొమీరా గారూ," బ్రాబెట్స్ గుసగుసగా అడిగాడు, "ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"ఏం చెయ్యకండి. ఆమె గేటు దాటేదాకా ఆయన్ని కదపకూడదు."

లిండెన్ చెట్లు పూసి ఉన్నాయి, ఎండ ఇంకా పోలేదు. స్వతవా వెనక్కి తిరిగి చూడకుండా, రాళ్ళ బాట మీద కర్ర ఆనించుకుంటూ, మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుని, నడిచింది. గ్యాలరీ డైరెక్టరు సంచిని రెండు చేతులా పట్టుకుని, రెప్ప కూడా కదపకుండా నిలబడ్డాడు. గేటు తీసిన చప్పుడు వినబడింది, మూసిన చప్పుడు వినబడింది. అయినా అతను ఇంకా కాసేపు కదల్లేదు.